విడగొట్టిన ముక్కలూ, మన శాన్ రామనూ

పోయిన నెల ఒక శనివారం పొద్దున్న మా స్నేహితురాలి టిఫిన్ కొట్లో కూర్చుని ఉన్నాను. మా శాన్ రామన్ పక్క ఊళ్ళో చిన్న కొట్టు అది. ఆరు బల్లలు, ఒక పెద్ద పెనం, వెనక వంటగదిలో తనూ, వాళ్ళాయనా, సాయానికి ఇంకో మనిషీ. నాకన్నా చిన్నది, అక్కా అని పిలుస్తుంది. దోసె ప్లేటు నా ముందు పెడుతూ, “అక్కా, ఆ డెలివరీ యాప్ వాళ్ళు మళ్ళీ కమిషన్ పెంచారు. మానేద్దామంటే సగం ఆర్డర్లు అందులోంచే వస్తాయి. మానకపోతే చేతికి మిగిలేది లేదు. ఈ దేశంలో ఇంత పెద్దవాళ్ళని అడిగే చట్టమే లేదా?” అంది.

ఉంది. 1890 నుంచీ ఉంది. ఆ చట్టం కథ ఎక్కడో వాషింగ్టన్‌లో మాత్రమే జరిగింది కాదు. మనం పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చే దారి పక్కనే ఉంది దాని గుర్తు. ఆ పూట కొట్లో రద్దీ వల్ల చెప్పలేకపోయాను. ఇప్పుడు మీ అందరికీ కలిపి చెప్తున్నాను.

ముందు మా ఊరి సంగతి. వేరే దేశాల్లో ఉండి చదువుతున్నవాళ్ళకీ, ఇండియాలో ఉన్న అమ్మలకీ అత్తయ్యలకీ తెలియాలి కదా. శాన్ రామన్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కోకి తూర్పున, కొండల మధ్య లోయలో ఉన్న ఊరు. నగరంగా ఏర్పడింది 1983 జులై 1న. అంతకు ముందు ఇక్కడ పశువుల మందలు, వాల్‌నట్ చెట్లు, పేర్ పళ్ళ తోటలు. 1891లో సదరన్ పసిఫిక్ వాళ్ళు ఈ లోయలోకి రైలు వేశారు. పంట బయటికి పోవాలంటే అదే దారి. ఆ రైలుపట్టాలు తీసేసిన చోటే ఇవాళ మనం సాయంత్రాలు నడిచే ఐరన్ హార్స్ ట్రైల్.

ఆ ట్రైల్ పక్కన ఉన్న బిషప్ రాంచ్ ఆఫీసుల్లో ఊరికి పేరు తెచ్చినవి రెండు. ఒకటి షెవ్రాన్. రెండోది పసిఫిక్ బెల్, అంటే ఇప్పటి ఏటీ అండ్ టీ. ఈ రెండూ ప్రభుత్వం దావా వేసి విడగొట్టించిన రెండు మహా కంపెనీల ముక్కలే. మొదటిది 1911లో విడిన ముక్క, రెండోది 1984లో విడిన ముక్క. అమెరికా చరిత్రలో అన్నిటికన్నా పేరుమోసిన రెండు విభజనలూ ఈ చిన్న ఊళ్ళో ఒకదాని పక్కన ఒకటి కాపురం పెట్టాయి.

ట్రస్ట్ అంటే నమ్మకం కాదు

మనకి ట్రస్ట్ అంటే గుడి ట్రస్టు, చారిటీ ట్రస్టు. మంచి మాటే. మరి దానికి “యాంటీ” ఏమిటి, అనిపిస్తుంది. ఇక్కడ దాని అర్థం వేరు. 1882లో జాన్ డి. రాక్‌ఫెల్లర్ చేసిన ఏర్పాటు ఏమిటంటే, పేరుకి వేరువేరుగా ఉన్న నూనె కంపెనీల వాటాలన్నీ తొమ్మిది మంది ట్రస్టీల చేతిలో పెట్టించాడు. బయటికి కంపెనీలు చాలా, లోపల పెత్తనం ఒక్కటే. అప్పటికే అమెరికాలో శుద్ధి చేసే నూనెలో సుమారు 90 శాతం ఆయన స్టాండర్డ్ ఆయిల్ చేతిలో ఉంది. ఇదే పద్ధతి పంచదారలోనూ, ఇంకా కొన్ని సరుకుల్లోనూ వచ్చేసరికి జనం ఇలాంటి కట్టలన్నిటినీ ట్రస్టులు అనేశారు. వాటిని ఆపడానికి వచ్చింది కాబట్టి యాంటీట్రస్ట్ చట్టం.

రాక్‌ఫెల్లర్ అంత దూరం ఎలా వెళ్ళాడన్నది ముఖ్యం. సరుకు బాగుండబట్టి కొంత, ఖర్చు తగ్గించబట్టి కొంత. ఆయన కిరసనాయిలు చవకయింది, నాణ్యత నిలకడగా ఉండేది. అది ఒప్పుకోవాలి. కానీ 1872లో ఇంకోటి కూడా జరిగింది. సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ అనే పేరుతో ఆయనా, మరికొందరూ మూడు రైల్వేలతో రహస్యంగా ఒప్పందం చేసుకున్నారు. వాళ్ళ నూనెకి రైలు కిరాయిలో తగ్గింపు. అంతవరకూ సరే అనుకోండి. పోటీవాళ్ళు కట్టే కిరాయిలో కూడా కొంత వీళ్ళకే ముడుతుంది. అంటే నువ్వు సరుకు పంపిన ప్రతిసారీ నీ పోటీదారుకి నువ్వే డబ్బు కడుతున్నావన్నమాట.

సంగతి బయటికి పొక్కి గొడవ అయింది. పెన్సిల్వేనియా రాష్ట్రం ఆ కంపెనీ అనుమతి రద్దు చేసింది. ఒప్పందం అమలుకే రాలేదు. అయినా ఆ కొద్ది వారాల భయం చాలింది. క్లీవ్‌లాండ్‌లో తనకి పోటీగా ఉన్న 26 శుద్ధి కేంద్రాల్లో 22 రాక్‌ఫెల్లర్ కొనేశాడు. రైలు ఆయన చేతిలో ఉంటే మనకి బతుకెక్కడిది, అనుకుని అమ్మేశారు వాళ్ళు.

మా చెల్లాయి కొట్టు సంగతికీ దీనికీ ఉన్న చుట్టరికం మీకు ఇక్కడే తెలిసిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో దారి రైలు. ఈ రోజుల్లో దారి ఫోనులో ఉన్న యాప్.

నాన్న బాధని పుస్తకం చేసిన కూతురు

ఆ గొడవ జరిగినప్పుడు పెన్సిల్వేనియా నూనె ప్రాంతంలో పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె ఉంది. పేరు ఐడా టార్బెల్. వాళ్ళ నాన్న మొదట నూనె నిలవ చేసే చెక్క ట్యాంకులు చేసేవాడు, తరవాత తనే నూనె వ్యాపారంలో దిగాడు. రాక్‌ఫెల్లర్‌కి లొంగని చిన్నవాళ్ళలో ఆయనొకడు. ఇంట్లో నవ్వూ పాటా ఎలా ఆగిపోయాయో ఆ పిల్ల చూసింది.

పెద్దయ్యాక పత్రికా రచయిత్రి అయింది. 1902 నవంబరు నుంచి మెక్‌క్లూర్స్ పత్రికలో స్టాండర్డ్ ఆయిల్ చరిత్ర వరసగా రాసింది. మొత్తం 19 భాగాలు. 1904లో పుస్తకంగా వచ్చింది. వాళ్ళ నాన్న మాత్రం, వద్దమ్మా, వాళ్ళతో పెట్టుకోకు, పత్రికని ముంచేస్తారు, అన్నాడట. ఆవిడ వినలేదు. తిట్టుకుంటూ రాయలేదు. కోర్టు కాగితాలు, విచారణల్లో సాక్ష్యాలు, కంపెనీ లోపలి పెద్దమనిషితోనే ముఖాముఖి మాటలు, అన్నీ దగ్గర పెట్టుకుని తేదీలతో సహా రాసింది. కంపెనీ పెద్దదవడం మీద ఆవిడకి పేచీ లేదు. పెద్దదవడానికి వాడిన దొంగదారి మీద పేచీ.

ఆ రోజుల్లో అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్ళకి ఓటు లేదు. కాలిఫోర్నియాలో వచ్చిందే 1911 అక్టోబరులో. అదే సంవత్సరం మే 15న సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ని 34 కంపెనీలుగా విడిపొమ్మని తీర్పు చెప్పింది. ప్రభుత్వం దావా వేసింది 1906లో. షెర్మన్ చట్టం వచ్చింది 1890లో. మధ్యలో పదహారేళ్ళు ఆ చట్టం ఈ కంపెనీ మీదికి పూర్తిగా వెళ్ళలేదు. వెళ్ళేలా జనం మనసు తయారు చేసినవాటిలో ఐడా టార్బెల్ రాతలు ముందుంటాయి.

ఆ 34 ముక్కల్లో ఒకటి కాలిఫోర్నియా ముక్క. అది 1879లో పసిఫిక్ కోస్ట్ ఆయిల్ అనే సొంత కంపెనీగా పుట్టింది, 1900లో స్టాండర్డ్ కొనేసింది, 1911లో మళ్ళీ విడుదలైంది. 1984లో గల్ఫ్ ఆయిల్‌ని కొన్నాక పేరు మార్చుకుంది. ఆ పేరే షెవ్రాన్. 2001లో ప్రధాన కార్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మన శాన్ రామన్‌కి వచ్చింది. 2024 ఆగస్టులో, హ్యూస్టన్‌కి వెళ్ళిపోతున్నాం అని చెప్పారు. మనలో కొన్ని ఇళ్ళలో ఆ కబురు వచ్చిన రాత్రి నిద్రలు లేవు, ఇల్లు అమ్మాలా, పిల్లల స్కూలు మార్చాలా అని.

ఇంకో చుట్టరికం చెప్తే ఆశ్చర్యపోతారు. ఈ కాలిఫోర్నియా స్టాండర్డూ, టెక్సాకో అనే ఇంకో కంపెనీ కలిసి 1936లో కాల్టెక్స్ పెట్టాయి. మన విశాఖపట్నం మల్కాపురంలో 1957లో రిఫైనరీ కట్టింది ఆ కాల్టెక్సే. మొదట్లో దాని సామర్థ్యం ఏడాదికి 6.75 లక్షల టన్నులు. 1976 చివర్లో భారత ప్రభుత్వం దాన్ని తీసుకుంది, 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిపింది. ఇప్పటికీ విశాఖలో పాతవాళ్ళు కాల్టెక్స్ అంటారు. అమెరికా వాళ్ళు పెద్ద నూనె కంపెనీని చూసి భయపడి ముక్కలు చేశారు. మనవాళ్ళు భయపడి ప్రభుత్వపరం చేశారు. రోగం ఒకటే, మందులు రెండు.

బంకు యజమాని గెలిచాడా, ఓడాడా?

ఇక్కడిదాకా విని, అయితే చట్టం వచ్చి పెద్దవాణ్ణి కొట్టింది, చిన్నవాడు బాగుపడ్డాడు, అనుకుంటాం. కథ అంత తిన్నగా లేదు.

ముందుగా, 1911 తరవాత రాక్‌ఫెల్లర్ ఇంకా ధనవంతుడయ్యాడు. ఆయనకి అన్ని ముక్కల్లోనూ వాటాలుండేవి, కార్లు వచ్చాయి, పెట్రోలుకి గిరాకీ పెరిగింది, వాటాల విలువ పెరిగింది. 34 ముక్కలూ చాలాకాలం ఒకరి ప్రాంతంలోకి ఒకరు పెద్దగా వెళ్ళలేదు కూడా.

రెండోది మన కాలిఫోర్నియా స్టాండర్డ్ కేసే. 1940ల్లో పశ్చిమ రాష్ట్రాల్లో ఆ కంపెనీ 5,937 స్వతంత్ర బంకుల చేత ఒప్పందాలు రాయించుకుంది. పెట్రోలు మా దగ్గరే కొనాలి, ఇంకెవరి దగ్గరా కొనకూడదు, అని. కొందరి ఒప్పందాల్లో టైర్లు, బ్యాటరీలు కూడా. ప్రభుత్వం దావా వేసింది. 1949లో సుప్రీంకోర్టు అలాంటి ఒప్పందాలు చెల్లవని 5–4 తేడాతో తీర్పిచ్చింది. బంకు యజమానికి స్వేచ్ఛ వచ్చినట్టే కదా?

ఆ తీర్పుతో విభేదించిన జడ్జి విలియం డగ్లస్ మాత్రం ఇంకో మాట అన్నాడు. ఆయనేమీ పెద్ద కంపెనీల మనిషి కాడు, చిన్నవాళ్ళ పక్షం. ఆయన భయం ఏమిటంటే, ఒప్పందం పెట్టుకోవద్దంటే కంపెనీ ఊరుకోదు, బంకులే సొంతంగా పెట్టుకుంటుంది, నిన్నటి యజమాని రేపు జీతానికి పనిచేసే గుమాస్తా అవుతాడు, అని. అంటే చిన్నవాణ్ణి కాపాడదామని చేసిన పని చిన్నవాడి మీదకే తిరగొచ్చు.

ఆయన భయం పూర్తిగా నిజమైందా అంటే, అలానూ కాదు, ఇలానూ కాదు. బంకుల యజమానులు మిగిలారు. కానీ స్థలం కంపెనీది, బోర్డు కంపెనీది, లీజు కంపెనీ చేతిలో ఉన్నచోట భయం పోలేదు. కారణం లేకుండా డీలరుని తీసెయ్యకూడదు అని 1978లో దేశమంతటికీ వేరే చట్టమే చెయ్యాల్సి వచ్చింది. ఇవాళ ఈ చుట్టుపక్కల బంకుల్లో కౌంటరు వెనక ఎంతమంది మన ఇండియా వాళ్ళున్నారో మీరు చూస్తూనే ఉంటారు. ఆ కౌంటరు వెనక ఉన్న మనిషి యజమానా, గుమాస్తానా అన్నది ఇలాంటి కాగితాల వల్ల తేలింది.

అందుకే ఇక్కడి లాయర్లు తరచూ ఒక మాట అంటారు: ఈ చట్టం పోటీని కాపాడుతుంది కానీ, పోటీలో ఉన్న ఫలానా కొట్టుని కాదు, అని. వినడానికి కఠినంగానే ఉంటుంది. కానీ మనలో వ్యాపారం పెట్టాలనుకునేవాళ్ళకి ముందే తెలియాల్సిన మాట.

అమ్మతో మాట్లాడిన నిమిషాలు

ఇక రెండో ముక్క. ఇది మనందరి ఇళ్ళల్లోకీ వచ్చిన ముక్క.

టెలిఫోను పేటెంటు అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కి 1876లో వచ్చింది. ఆ తరవాత దాదాపు వందేళ్ళు అమెరికాలో ఫోను అంటే బెల్ సిస్టమే. తీగ వాళ్ళది, ఎక్స్చేంజి వాళ్ళది, మీ గోడకున్న ఫోను కూడా వాళ్ళదే, అద్దెకిచ్చేవాళ్ళు. ఫోను తయారు చేసే ఫ్యాక్టరీలు వెస్టర్న్ ఎలక్ట్రిక్ అని వాళ్ళ సొంత కంపెనీవి. ఆ వెస్టర్న్ ఎలక్ట్రిక్ 1970లో మన శాన్ రామన్‌లో 1,733 ఎకరాల రాంచ్ భూమి కొంది, కొత్త ఊరు కడతామని. అది వాళ్ళు అనుకున్నట్టు జరగలేదు. కొంత భూమిలో ఇళ్ళు వచ్చాయి. 1978లో 585 ఎకరాలు బిషప్ రాంచ్ బిజినెస్ పార్క్ అయింది.

బెల్ కోటకి మొదట బీటలు వేసింది పెద్దవాళ్ళు కాదు. టెక్సస్‌లో థామస్ కార్టర్ అని ఒక చిన్న వ్యాపారి. పొలాల్లో, నూనె బావుల దగ్గర పనిచేసేవాళ్ళు వాకీటాకీ లాంటి రేడియో నుంచి ఫోనులోకి మాట్లాడటానికి ఒక పెట్టె తయారు చేశాడు. ఫోను రిసీవరు ఆ పెట్టె మీద పెడితే చాలు, తీగ కలపక్కర్లేదు. మా ఫోనుకి బయటి వస్తువు తగిలించకూడదు, అని కంపెనీ అడ్డుపడింది. ఆయన యాంటీట్రస్ట్ దావా వేశాడు. ఆ కేసు ఎఫ్‌సీసీ దగ్గరికి వెళ్ళి, 1968లో ఆయన పక్షాన తేలింది. ఆ తీర్పు తరవాతే ఎవరు తయారు చేసిన ఫోనైనా, ఆన్సరింగ్ మెషీనైనా, మోడెమ్ అయినా గోడకి తగిలించే దారి తెరుచుకుంది. ఇంటర్నెట్ ఇళ్ళలోకి వచ్చిన మొదటి రోజుల్లో ఫోను లైనులోంచి వచ్చిన ఆ కీచు శబ్దం గుర్తుందా? ఆ మోడెముకి దారి వేసినవాళ్ళలో ఈ కార్టర్ ఒకడు.

1974 నవంబరులో ప్రభుత్వం ఏటీ అండ్ టీ మీద దావా వేసింది. 1982 జనవరిలో రాజీ కుదిరింది. 1984 జనవరి 1న కంపెనీ విడిపోయింది. దూరపు కాల్స్ ఏటీ అండ్ టీకి, ఊళ్ళ కాల్స్ ఏడు ప్రాంతీయ కంపెనీలకి. ఆ ఏడింటిలో కాలిఫోర్నియా, నెవాడాలకి వచ్చింది పసిఫిక్ టెలిసిస్. దాని పసిఫిక్ బెల్ 1980ల మధ్యలో శాన్ రామన్‌లో కమీనో రామన్ రోడ్డు మీద పెద్ద ఆఫీసు కట్టుకుంది. ఊరు పుట్టి అప్పటికి రెండు మూడేళ్ళే.

దూరపు కాల్స్‌లో ఎంసీఐ, స్ప్రింట్ లాంటివాళ్ళు పోటీకి వచ్చారు. విడిపోయినప్పుడు ఆ వ్యాపారంలో ఏటీ అండ్ టీ వాటా 90 శాతం దాకా ఉండేది, పదేళ్ళలో 60 శాతం లోపుకి దిగింది. ధరలు దిగాయి. ఊళ్ళో కాల్స్ బిల్లు మాత్రం కొంత పెరిగింది. అంతకు ముందు దూరపు కాల్స్ డబ్బుతో దాన్ని తగ్గించి ఉంచేవారు మరి. లాభం అందరికీ ఒకేలా రాదు.

మనలో ముందు వచ్చినవాళ్ళకి ఆ రోజులు గుర్తే. తొంభైల మొదట్లో ఇండియాకి నిమిషానికి డాలరు పైనే. ఆదివారం పొద్దున్న గడియారం ముందు పెట్టుకుని, చెప్పాల్సినవి కాగితం మీద రాసుకుని ఫోను చేసేవాళ్ళం. “బాగున్నావా, బాగున్నాం” అయ్యేలోపే మూడు నిమిషాలు. మా అమ్మ ఏడుపు వస్తే, ఏడిస్తే డబ్బులు దండగ అని ఆపుకునేది. తరవాత ఇండియన్ కొట్లల్లో ఫోను కార్డులు వచ్చాయి. పప్పులూ, చింతపండూ కొన్నాక కౌంటరు దగ్గర అయిదు డాలర్ల కార్డు. చిన్న కిరాణా కొట్టుకి కూడా ఆ కార్డుల మీద నాలుగు డబ్బులు మిగిలేవి. కొన్ని కార్డుల్లో చెప్పిన నిమిషాలు వచ్చేవి కావు. 2008లో ఎఫ్‌టీసీ కొన్ని కార్డు కంపెనీల మీద కేసులు కూడా వేసింది. పోటీ ఉన్నంత మాత్రాన మోసం ఉండదని కాదు.

తీగకి రెండు చివరలుంటాయి కదా. ఈ చివర 1984లో తెరుచుకుంది. ఆ చివర, ఇండియాలో, విదేశీ కాల్స్ వీఎస్ఎన్ఎల్ ఒక్కదాని చేతిలోనే ఉండేవి. 2002 ఏప్రిల్‌లో ఆ గుత్తాధిపత్యం పోయింది. ఇక్కడ కోర్టు విడగొడితే, అక్కడ ప్రభుత్వం తన సంస్థకి తానే పోటీ రానిచ్చింది. రెండు చివరలా తలుపులు తెరిచాకే అమ్మతో గంటలు గంటలు మాట్లాడగలిగాం. ఇప్పుడు వీడియోలో కూర వండుతూ ఉప్పెంత అని అడుగుతున్నాం.

ముక్కలు మళ్ళీ కలిశాయి

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతం. కానీ ముక్కలు ఊరుకోలేదు. 1997లో పసిఫిక్ టెలిసిస్‌ని టెక్సస్‌కి చెందిన ఎస్‌బీసీ కొనేసింది. అదీ ఆ ఏడు ముక్కల్లో ఒకటే. 2005లో ఆ ఎస్‌బీసీ తన పాత తల్లి ఏటీ అండ్ టీనే కొని, తల్లి పేరు పెట్టుకుంది. నూనెలోనూ అంతే. 1911లో విడిపోయిన న్యూజెర్సీ, న్యూయార్క్ ముక్కలు ఎక్సాన్, మొబిల్ పేర్లతో పెరిగి 1999లో ఒకటయ్యాయి. షెవ్రాన్ 2001లో టెక్సాకోని కలుపుకుంది.

కలిసేటప్పుడు ప్రభుత్వం షరతులు పెడుతుంది. ఆ షరతులు ఒక్కోసారి పనిచెయ్యవు. మన పక్కనే ప్లెజంటన్‌లో ఉన్న సేఫ్‌వే సంగతి చూడండి. 2015లో ఆల్బర్ట్‌సన్స్ దాన్ని కొన్నప్పుడు, పోటీ తగ్గకూడదని ఎఫ్‌టీసీ 168 కొట్లు అమ్మించింది. వాటిలో 146 హాగెన్ అనే చిన్న సంస్థ కొనుక్కుంది. అంతకు ముందు దానికి ఉన్నవి ఇరవై కొట్లు కూడా లేవు. అంత బరువు మొయ్యలేక అదే ఏడాది సెప్టెంబరులో దివాలా తీసింది. ఆ కొట్లల్లో చాలా వాటిని చివరికి ఆల్బర్ట్‌సన్సే తిరిగి తీసుకుంది. ఆ గుణపాఠం గుర్తుంది కాబట్టే, క్రోగర్ వచ్చి ఆల్బర్ట్‌సన్స్‌ని కొంటానన్నప్పుడు, కొన్ని కొట్లు వేరేవాళ్ళకి అమ్ముతామన్న మాటకి కోర్టు ఒప్పుకోలేదు. 2024 డిసెంబరు 10న ఆ విలీనం ఆపేసింది.

ఇక మీరు ఈ పత్రిక చదువుతున్న మెసేజీ గ్రూపే తీసుకోండి. ఆ యాప్ మెటా వాళ్ళది. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ కొనడం ద్వారా పోటీని మింగేశారని ఎఫ్‌టీసీ 2020 డిసెంబరులో కేసు వేసింది. 2025 నవంబరులో జడ్జి మెటా పక్షాన తీర్పిచ్చాడు. ఇప్పుడు పోటీ వేరే చోట్ల నుంచి వస్తోంది, గుత్తాధిపత్యం రుజువు కాలేదు, అని. ఇండియాలో కాంపిటీషన్ కమిషన్ మాత్రం 2021 నాటి వాట్సాప్ ప్రైవసీ మార్పుల మీద 2024 నవంబరులో మెటాకి 213 కోట్ల రూపాయలు జరిమానా వేసింది. మన గ్రూపుల్లో చీరలమ్మే అక్కలు, పొడులు చేసే పిన్నులు, పిల్లలకి సంగీతం చెప్పే చెల్లెళ్ళు ఎంతమంది? అందరి అంగడీ ఒక్క కంపెనీ వసారాలోనే ఉంది.

మా చెల్లాయికి జవాబు

అయితే నీ ప్రశ్నకి జవాబు ఇదమ్మా.

చట్టం ఉంది. షెర్మన్ చట్టం, 1914లో వచ్చిన క్లేటన్ చట్టం, మన కాలిఫోర్నియాకి సొంతంగా 1907 నుంచి కార్ట్‌రైట్ చట్టం. పెద్దగా ఉండటం నేరం కాదు. ధర పెంచడం కూడా దానికదే నేరం కాదు. పోటీవాళ్ళంతా కుమ్మక్కై ధర కట్టడం నేరం. దారి తన చేతిలో ఉంది కదా అని ఇతరుల దారి మూసి గుత్తాధిపత్యం నిలబెట్టుకోవడం నేరం. దెబ్బతిన్న వ్యాపారి స్వయంగా దావా వెయ్యొచ్చు, గెలిస్తే నష్టానికి మూడింతలు అడగొచ్చు. కానీ అది నీ ఒక్కదాని దోసె కొట్టుని నిలబెట్టడానికి రాదు. వచ్చినా నిదానంగా వస్తుంది. స్టాండర్డ్ కేసుకి దావా నుంచి తీర్పుకి అయిదేళ్ళు, బెల్ కేసుకి దావా నుంచి విభజనకి తొమ్మిదేళ్ళు పైన పట్టింది. ఈలోపు కొట్టు అద్దె కట్టాలి కదా.

కాబట్టి చెయ్యగలిగింది చెయ్యి. మొదటిది, ఒప్పందం కాగితం తీసి చదువు. ఆ యాప్‌లో పెట్టిన ధరకన్నా నీ కొట్లో తక్కువకి అమ్మకూడదని అందులో రాసి ఉందా? వేరే యాప్‌తో చేరకూడదని ఉందా? 1949లో కోర్టు చూసింది కూడా అలాంటి మాటల్నే. ఉంటే దాన్నీ, పెంచిన కమిషన్ కాగితాల్నీ తేదీలతో దాచు. కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఆఫీసుకి గానీ, ఎఫ్‌టీసీకి గానీ ఫిర్యాదు పంపడానికి పెద్ద కంపెనీ అయి ఉండక్కర్లేదు, లాయరూ అక్కర్లేదు. ఒక్క ఫిర్యాదుతో కదలకపోవచ్చు. ఐడా టార్బెల్ సంపాదించిందీ అలా దాచిన కాగితాలే, ఎవరో చిన్నవాళ్ళు ఎప్పుడో ఇచ్చిన సాక్ష్యాలే.

రెండోది, ఎంత చిన్నదైనా నీకంటూ రెండో దారి ఉంచుకో. క్లీవ్‌లాండ్‌లో ఆ ఇరవై రెండు మందీ అమ్మేసింది రైలు పోతే వేరే దారి లేదనుకునే.

ఈ మాటలన్నీ మొన్న తనకి ఫోనులో చెప్పాను. “అంటే అక్కా, గెలుస్తామని గ్యారంటీ లేదంటావు,” అంది. లేదన్నాను. కాసేపాగి, “అయినా కాగితాలు దాస్తాలే,” అంది. నిన్న వెళ్తే కౌంటరు మీద అట్టముక్క కనపడింది, చేత్తో రాసింది: నేరుగా ఫోను చేసి చెప్తే పది శాతం తక్కువ. ఒప్పందంలో అలా చెయ్యకూడదని ఎక్కడా లేదట, రెండుసార్లు చదివిందట.

మీలో ఎవరికైనా బంకు, కిరాణా కొట్టు, ఫోను కార్డుల రోజుల అనుభవాలుంటే రాయండి. విశాఖలో కాల్టెక్స్‌లో పనిచేసిన మావయ్యలు, తాతయ్యలు ఉంటే వాళ్ళని అడిగి రాయండి. వచ్చే నెల సంచికలో వేసుకుందాం.